కొత్త వ్యాపారంలో కొత్తదనం ఎంత ఉండాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునేవారు, ముఖ్యంగా ఉద్యోగం మానేసి గానీ చదువు ముగించుకొని గానీ తొలిసారి వ్యాపారంలోకి దిగేవారు, ఆవిష్కరణ అనే మాట దగ్గర రెండు రకాలుగా తడబడుతుంటారు. ప్రపంచంలో ఎవరూ చేయనిది చేస్తే తప్ప లాభం లేదనుకొని కొందరు ఏళ్ల తరబడి ఆలోచనలోనే ఉండిపోతారు. మరికొందరు పక్కవీధి దుకాణాన్నే పేరు మార్చి పెట్టి, ధర తగ్గించడం తప్ప మరో దారి తోచక ఆరు నెలల్లో మూసేస్తారు. కొన్నేళ్లు చిరుధాన్యాల పిండి యూనిట్ నడిపి, ఆ తరువాత కొత్తవారికి సలహాలు చెప్పే పనిలో పడిన నాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్నలివి. ఫీజులు, పథకాల షరతులు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు సంబంధిత అధికారిక వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోవాలి.

వ్యాపారం పెట్టాలంటే తప్పనిసరిగా ఏదో ఒక ఆవిష్కరణ ఉండాలా?

అటువంటి నియమమేమీ లేదు. కాలనీలో పాలు, కూరగాయలు అమ్మే దుకాణానికి మంచి చోటు, నమ్మకమైన సరుకు, తెల్లవారుజామున ఐదింటికి షట్టర్ ఎత్తే ఓపిక ఉంటే చాలు. అయితే మీరు అమ్మేదానికీ పక్కవారు అమ్మేదానికీ తేడా లేనప్పుడు కొనేవారు ధర ఒక్కటే చూస్తారు, ధరల పోటీలో చివరికి నిలబడేది ఎక్కువ పెట్టుబడి ఉన్నవారే. చిన్న మొత్తంతో దిగేవారికి కొత్తదనం అవసరమయ్యేది అందుకే.

ఆ కొత్తదనం వస్తువులోనే ఉండాలని కూడా లేదు. 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించేనాటికి హెపటైటిస్-బి టీకా ప్రపంచానికి తెలిసినదే. అది విదేశాల నుంచి వచ్చేది, మామూలు కుటుంబాలకు అందని ధర పలికేది. ఆ సంస్థ ఆ టీకాను రీకాంబినెంట్ పద్ధతిలో, అంటే జన్యువులను మార్చిన సూక్ష్మజీవుల చేత తయారు చేయించే పద్ధతిలో, ఇక్కడే, సామాన్యుడు కొనగలిగే ధరలో తయారు చేసింది. 1997లో శాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చాక దిగుమతి టీకాల ధరలు కూడా దిగివచ్చాయి. రోగం పాతదే, టీకా పాతదే, తయారయ్యే చోటూ ధరా కొత్తవి. పచ్చళ్ల వ్యాపారం పెట్టేవారికి ఇంత పెద్ద ఉదాహరణ ఎందుకని అనిపించవచ్చు గానీ, మీరు వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే: వస్తువు, తయారీ పద్ధతి, ప్యాకింగు, ధర, చేరవేసే తీరు, డబ్బు వసూలు చేసే తీరు వీటిలో ఏ ఒక్కటి మారితే కొనేవారికి నిజంగా మేలు జరుగుతుంది?

మంచి ఆలోచన ఎక్కడ దొరుకుతుంది?

తలుపులు వేసుకొని కాగితం ముందు కూర్చుంటే మాత్రం దొరకదు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారిది. ఇక్కత్ చీర నేయడానికి ముందు నూలును ఆసు పోయాలి. ఒక పక్క ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉన్న చట్రం మీద, దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూ ఒక్కో మేకుకు చుట్టుకుంటూ పోవాలి. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు అలా ఆడాలి, అందుకు నాలుగైదు గంటలు పడుతుంది. ఈ పని ఎక్కువగా ఇంట్లోని ఆడవాళ్లదే. రోజుకు రెండు చీరలకు ఆసు పోసిన తల్లి లక్ష్మి గారికి రాత్రి భుజాలు పట్టేసి చేయి లేవని స్థితి ఆయన చిన్ననాటి నుంచీ చూసినదే.

ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మల్లేశం 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. చేతిలో డబ్బున్నప్పుడల్లా ఒక భాగం చేయించడం, లేనప్పుడు ఆపేయడం, ఊళ్లో వాళ్లూ ఇంట్లో వాళ్లూ ఇదేం పిచ్చి అనడం, చివరికి బతుకుతెరువు కోసం హైదరాబాద్ వెళ్లి కూలి పనులు చేయడం, ఇలా ఏళ్లు గడిచాయి. దారాన్ని మేకు చుట్టూ తిప్పే కదలిక దగ్గర చిక్కుకుపోయిన ఆలోచనకు బాలానగర్‌లో పనికి వెళ్లినప్పుడు చూసిన ఒక యంత్రం కదలిక దారి చూపింది. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని సుమారు గంటన్నరకు తగ్గింది. తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రంగా అది ప్రసిద్ధమైంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను స్ఫూర్తి కోసం చెప్పేవారు చాలామంది ఉన్నారు. వ్యాపారం దృష్టితో చూస్తే ఇందులో నాకు కనిపించేది వేరు. ఆయన మగ్గం జోలికి పోలేదు, రంగుల అద్దకం మార్చలేదు, చీర అమ్మకం మార్చలేదు. మొత్తం గొలుసులో ఎక్కువ నొప్పి పెట్టే ఒక్క కొలికిని పట్టుకొని, ముందూ వెనకా ఉన్న పనులన్నీ యథాతథంగా సాగేలా దాన్ని మార్చారు. అందువల్ల యంత్రం కొన్న నేతకారుడు మరేదీ కొత్తగా నేర్చుకోనక్కరలేకపోయింది. కొనేవారి అలవాట్లలో ఐదారు ఒకేసారి మారితే తప్ప పనిచేయని వస్తువును తీసుకొచ్చి, జనానికి అవగాహన లేదని విసుక్కునేవారిని నేను చాలామందినే చూశాను.

మీరు కూడా మీకు బాగా తెలిసిన ఒక పనిని ఎంచుకొని, పదిహేను రోజులు దాని పక్కనే కూర్చొని చూడండి. ఎక్కడ మనిషి ఆగి నడుము పట్టుకుంటున్నాడు, ఎక్కడ సరుకు పారబోస్తున్నారు, ఎక్కడ ఎవరికోసమో ఎదురుచూస్తున్నారు అనేవి తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. పారబోసే చోటల్లా వ్యాపారం ఉంటుందని మాత్రం తొందరపడకూడదు. మదనపల్లెలో టమాటా ధర పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసినప్పుడల్లా నా దగ్గరకు ఎవరో ఒకరు టమాటా పొడి ఆలోచనతో వస్తారు. పొడి చేయడం కష్టం కాదు. ధర పెరిగిన నెలల్లో ముడిసరుకు ఎక్కడి నుంచి తెస్తారు, ఏడాది పొడవునా ఆ పొడిని కొనే హోటలు గానీ మసాలా తయారీదారు గానీ ఎవరు అని అడిగితే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది.

నా ఆలోచన నిజంగా కొత్తదేనా అని ఎలా తెలుసుకోవాలి?

మూడు చోట్ల వెతకాలి. పేటెంట్ అంటే కొత్త ఆవిష్కరణను ఇతరులు కొంతకాలం వాడుకోకుండా ప్రభుత్వం ఇచ్చే హక్కు. భారత పేటెంట్ కార్యాలయం వారి ఇన్‌పాస్ అనే వెతుకులాట సౌకర్యం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. దరఖాస్తు సాధారణంగా 18 నెలలకు ప్రచురితమవుతుంది కాబట్టి ఇటీవలివి అందులో కనిపించకపోవచ్చు. ఆ తరువాత ఆన్‌లైన్ అమ్మకాల వేదికలలో ఇంగ్లీషు పేరుతోనూ తెలుగు పేరుతోనూ వెతకండి. మూడోది, చాలామంది వదిలేసేది, ఆ వృత్తిలో ముప్ఫై ఏళ్లుగా ఉన్న ఒక పెద్దమనిషిని అడగడం. “మా మేనమామ అప్పట్లో ఇలాంటిదే చేశాడు, వానాకాలం తుప్పు పట్టి మూలన పడింది” అనే ఒక్క మాట మీకు ఏడాది శ్రమ మిగల్చవచ్చు. ఇంతకుముందు ఎవరో చేసి మానేశారని తెలిస్తే నిరుత్సాహపడనవసరం లేదు. ఎందుకు మానేశారో కనుక్కోండి, ఆ కారణం ఈనాటికీ ఉందో లేదో చూడండి.

చెప్పిన వాళ్లందరూ చాలా బాగుందంటున్నారు. అది సరిపోదా?

సరిపోదు. మన ఇళ్లలో ఎదుటివారి మనసు నొప్పించకపోవడం మర్యాద. మీరు చేసిన వస్తువును మీ పిన్నిగారు గానీ కాలేజీ మిత్రుడు గానీ బాగాలేదని మొహం మీద చెప్పరు. బాగుందన్నవారిని వెంటనే, “అయితే రెండు పంపించమంటారా, ఫలానా ధర అవుతుంది” అని అడిగి చూడండి. అప్పుడు వచ్చే జవాబే అసలు జవాబు. మొదటిసారి కొన్నవారు మొహమాటానికి కొని ఉండవచ్చు. నెల తిరిగేసరికి మీరు ఫోను చేయకుండా వారే చేసి మళ్లీ అడిగితే, అప్పుడు ఆ ఆలోచనకు విలువ ఉన్నట్లు లెక్క వేసుకోవచ్చు.

రెడ్‌బస్ సంగతి చూడండి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామకు 2005 దీపావళికి ఊరికి వెళ్లడానికి బస్సు టికెట్టు దొరకలేదు. ఏ బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నాయో ఒక్క ఏజెంటుకు కూడా పూర్తిగా తెలియదన్నది అప్పుడు ఆయన గమనించిన విషయం. మిత్రులతో కలిసి మొదట వేసుకున్న పథకం బస్సు యజమానులకు సాఫ్ట్‌వేర్ తయారు చేసి ఇవ్వడం. యజమానులు దానిని పట్టించుకోలేదు. వారికి కావలసింది సాఫ్ట్‌వేర్ కాదు, నిండిన సీట్లు. దాంతో కొన్ని సీట్లు మాకివ్వండి, అమ్మిపెడతాం అన్న దారికి వచ్చి 2006లో అమ్మకం మొదలుపెట్టారు. 2013లో ఆ సంస్థను ఐబిబో గ్రూపు కొన్నది. సమస్యను సరిగా పట్టుకున్నవారు కూడా పరిష్కారాన్ని మొదటిసారే సరిగా పట్టుకోలేకపోవచ్చు, అది తప్పు కాదు. పరిష్కారం మీద మమకారం పెంచుకొని, కొనేవారు చెప్పేది వినకపోవడమే తప్పు.

నమూనా తయారీకి ఎంత ఖర్చు పెట్టాలి?

మీ అనుమానం తీరడానికి ఎంత కావాలో అంతే. నమూనా అంటే అందంగా కనిపించే బొమ్మ కాదు, మీరు భయపడుతున్న ఒక్క విషయాన్ని తేల్చే పరికరం. వస్తువు పనిచేస్తుందా లేదా అన్నది అనుమానమైతే రేకు, చెక్క, పాత మోటారుతో చేసినా చాలు. జనం కొంటారా లేదా అన్నది అనుమానమైతే యంత్రమే అక్కరలేదు, ఇంట్లో చేత్తో చేసిన ఇరవై ప్యాకెట్లు చాలు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట లేత్ పని చేసే మేస్త్రీలు మీ గీతను చూసి అక్కడికక్కడే రెండు మార్పులు చెబుతారు, వాటిని శ్రద్ధగా వినండి. ఎలక్ట్రానిక్స్, త్రీడీ ముద్రణ వంటి పనులకు హైదరాబాద్‌లో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి ఉమ్మడి కార్యశాలలు ఉన్నాయి.

నమూనా పరీక్షలో నేను చేసిన పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. నేను మొదలుపెట్టినప్పుడు మా ప్రత్యేకత సజ్జ పిండితో చేసిన దోసె మిశ్రమం. రుచి చూపించిన ప్రతి ఇంట్లోనూ మెచ్చుకున్నారు, అడిగి మరీ కొన్నారు. ఆ ధైర్యంతో ఏప్రిల్‌లో నలభై దుకాణాలకు సరుకు వేశాను. రెండు వారాలు తిరగకముందే ఒక దుకాణదారు ప్యాకెట్టు కత్తిరించి నా అరచేతిలో కొంచెం పోసి, నోట్లో వేసుకొమ్మన్నాడు. చేదు. సజ్జలో కొవ్వు శాతం ఎక్కువ, పిండి పట్టగానే ఆ కొవ్వు మీద గింజలోని ఎంజైములు పని మొదలుపెడతాయి, ఎండాకాలంలో వారం పది రోజులకే పిండి చేదెక్కుతుంది. అమ్మమ్మలు సజ్జలను ఏ పూటకాపూట విసురుకోవడం వెనక కారణం ఇదేనన్న సంగతి, సరుకంతా వాపసు తెచ్చుకొని గోడౌన్‌లో కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు. నేను పరీక్షించింది రుచిని, పరీక్షించవలసింది నిల్వను.

ఆ తరువాత మూడు నెలలు దోసె పక్కన పెట్టి గింజ మీద పడ్డాను. పిండి పట్టడానికి ముందే గింజకు సరైన తేమ, వేడి తగిలిస్తే ఆ ఎంజైములు చాలావరకు పనిచేయకుండా పోతాయి. వేడి తక్కువైతే లాభం ఉండదు, ఎక్కువైతే పిండికి మాడు వాసన వచ్చి దోసె సాగదు. ఆ మధ్యలో ఉన్న సన్నని దారి దొరకడానికి పదిహేడు సార్లు పట్టింది. ప్రతిసారీ ఒక ప్యాకెట్టును రేకుల షెడ్డులో, ఇంకొకటి వంటగది అలమరలో పెట్టి, మీద తేదీ వేసి, వారానికొకసారి నాలుక మీద వేసుకొని రాసుకునేవాళ్లం. నా వ్యాపారంలో కొత్తదనం ఏదైనా ఉందంటే అది ఆ పట్టికలో ఉంది గానీ, నేను గొప్పగా అచ్చు వేయించిన రంగుల కవరు మీద లేదు. చిరుధాన్యాల పని పెట్టుకునేవారు నాలాగా ఒంటరిగా తంటాలు పడనక్కరలేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థలో న్యూట్రిహబ్ అనే ఇంక్యుబేటర్, అంటే కొత్త వ్యాపారాలు నిలదొక్కుకునేదాకా అండగా ఉండే కేంద్రం, ఉంది, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) ఆహార సాంకేతికతలను రుసుము తీసుకొని బదిలీ చేస్తుంది.

సంప్రదాయ వస్తువులలో కొత్తదనానికి చోటు ఉందా?

చాలా ఉంది, అయితే వస్తువు ప్రాణం ఎక్కడ ఉందో తెలిసి చేయాలి. ఆత్రేయపురం పూతరేకులనే తీసుకోండి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచని బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను కుండ మీదుగా ఒక్కసారి లాగితే, లెక్కలోకి రానంత సమయంలో రేకు తయారవుతుంది. ఆ చేయి వాటాన్ని యంత్రానికి నేర్పాలని చూసేవారు చాలామందే ఉన్నారు. కొనేవారి వైపు నుంచి చూస్తే అసలు ఇబ్బంది వేరేచోట ఉంది. రేకు గాలికి మెత్తబడుతుంది, కొరియర్‌లో పొడి అవుతుంది. అమెరికాలో ఉన్న కూతురికి పంపాలనుకునే తల్లికి కావలసింది రేకు విరగని పెట్టె, తేమ చేరని పొర. అక్కడ చేసే మార్పు తయారీదారు చేతికీ పని తగ్గించదు, రుచికీ హాని చేయదు.

పేరు విషయంలో జాగ్రత్త అవసరం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, తిరుపతి లడ్డూకు 2009లో, బందరు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు వస్తువుకే చెందుతుందన్న చట్టపరమైన నమోదు, వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు అంతకంటే ముందే ఉంది. ఆ ప్రాంతంలో తయారు కాని వస్తువును ఆ పేరుతో అమ్మడం చట్టరీత్యా తప్పు.

పేటెంట్ తీసుకోవాలా?

ముందుగా పేటెంట్‌కు అర్హత ఉందో లేదో చూసుకోవాలి. 1970 నాటి పేటెంట్ల చట్టంలోని మూడో సెక్షను ఏవేవి ఆవిష్కరణలు కావో చెబుతుంది. కేవలం పదార్థాలను కలిపిన మిశ్రమం, వ్యవసాయ పద్ధతి, వ్యాపార పద్ధతి, కంప్యూటర్ ప్రోగ్రాం దానికదిగా, సంప్రదాయ విజ్ఞానం వీటికి పేటెంట్ రాదు. మా నాయనమ్మ కారప్పొడికి పేటెంట్ తీసుకుంటానన్న అబ్బాయి ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్లు ఉంటుంది గానీ, ఈ నిబంధన మనందరినీ కాపాడేదే. పసుపుకు గాయాలు మాన్పే గుణం ఉందంటూ అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంట్‌ను మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) సవాలు చేసి, అది మా పూర్వుల నుంచి తెలిసినదేనని ఆధారాలు చూపి, 1997లో రద్దు చేయించింది.

యంత్రం, పరికరం, కొత్త తయారీ ప్రక్రియ వంటివైతే ఆలోచించవచ్చు. ఇక్కడ కొత్తవారు చేసే పెద్ద పొరపాటు, ముందు ప్రదర్శనలో పెట్టి, వీడియో తీసి అందరికీ చూపించి, ఆ తరువాత దరఖాస్తు చేయడం. దరఖాస్తు తేదీకి ముందే లోకానికి తెలిసిపోయిన విషయం కొత్తది కాకుండా పోతుంది. చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నా అవి పరిమితమైనవి, వాటిని నమ్ముకోకూడదు. ముందుగా ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి తేదీని పదిలపరచుకుంటే, పూర్తి వివరాల పత్రం దాఖలు చేయడానికి 12 నెలల గడువు దొరుకుతుంది. వ్యక్తులకు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దాఖలు రుసుము 1,600 రూపాయలు, ఆ దరఖాస్తును పేటెంట్ కార్యాలయం పరీక్షించాలని కోరడానికి 4,000 రూపాయలు. అసలు ఖర్చు పేటెంట్ ఏజెంటు ఫీజు దగ్గర ఉంటుంది. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. మంజూరైన పేటెంట్ దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది, మధ్యలో నవీకరణ రుసుములు కడుతూ ఉండాలి.

నా అభిప్రాయం అడిగితే, ఎవరైనా కాపీ కొట్టినప్పుడు కోర్టుకు వెళ్లగలిగే ఓపిక గానీ, పేటెంట్‌ను చూపి పెట్టుబడి తెచ్చుకోగలిగే అవకాశం గానీ లేనప్పుడు, ఆ డబ్బును మొదటి ఏడాది అమ్మకాల మీద పెట్టడం మేలు.

మరి పేటెంట్ రానివాటిని ఎలా కాపాడుకోవాలి?

పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము సరుకుల ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, పదేళ్లకొకసారి పునరుద్ధరించుకుంటూ ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. “స్వచ్ఛమైన నెయ్యి” వంటి వర్ణన మాత్రమే అయిన పేర్లు నమోదు కావడం కష్టం. పెట్టె ఆకారం, సీసా రూపం వంటివాటికి డిజైన్ నమోదు వేరుగా ఉంది. ఇక పాళ్లు, వేడి, సమయం వంటివి రహస్యంగానే ఉంచుకోవాలి. మా పిండి యూనిట్‌లో తేమ పెట్టే మనిషికి వేడి ఎంతో తెలియదు, వేడి చూసే మనిషికి తేమ ఎంతో తెలియదు. ఇది వారి మీద అనుమానంతో చేసినది కాదని ఇద్దరికీ మొదటిరోజే చెప్పాను.

నా ఆలోచన ఎవరికైనా చెబితే కాజేస్తారేమో?

పేటెంట్‌కు అర్హమైన సాంకేతిక వివరాలు తప్ప మిగతాది ధైర్యంగా చెప్పండి. ఆలోచన వినగానే ఉద్యోగం మానేసి, అప్పు తెచ్చి, ఎండలో దుకాణాలు తిరిగేంత తీరిక ఎవరికీ ఉండదు. ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఆలోచనలోని లోపాలు మీ డబ్బుతోనే బయటపడతాయి.

యాప్ లేకపోతే దాన్ని ఆవిష్కరణగా పరిగణించరా?

పరిగణిస్తారు. యాప్ అమ్మకానికి ఒక దారి మాత్రమే. మీ మొదటి వందమంది కొనుగోలుదారులను వాట్సాప్‌లోనూ, ఒక లెక్కల పుస్తకంలోనూ నడిపించలేకపోతే, యాప్ చేయించినంత మాత్రాన నడవదు.

హైదరాబాద్‌లో పనిచేసే ఖేతీ సంస్థ చిన్న రైతుల కోసం తక్కువ ఖర్చు గ్రీన్‌హౌస్‌ను రూపొందించింది. గ్రీన్‌హౌస్‌లు అంతకుముందు లేవని కాదు, అవి పెద్ద రైతుల కొలతలో ఉండేవి. చిన్న కమతంలో ఒక మూల సరిపోయే కొలతకు దాన్ని కుదించి, రైతుకు శిక్షణ, సలహా కూడా జతచేసినందుకు 2022లో ఆ సంస్థకు ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. కొలత తగ్గించడం కూడా ఆవిష్కరణే.

ఇంక్యుబేటర్‌లో చేరడం మంచిదేనా?

మీకు ఏది కొరతగా ఉందో దాన్ని బట్టి ఉంటుంది. 2015లో మొదలై 2022లో రాయదుర్గంలోని కొత్త భవనానికి మారిన టీ-హబ్ సాంకేతిక స్టార్టప్‌లకు పెట్టుబడిదారులతో, పెద్ద కంపెనీలతో పరిచయాలు కల్పిస్తుంది. 2018లో ఏర్పడిన వీ-హబ్ మహిళల వ్యాపారాల కోసం ఉద్దేశించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. వైద్య పరికరాలు చేసేవారికి విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్ ఉంది. చదువు లేని, పల్లెటూళ్లలో ఉన్న ఆవిష్కర్తలకు పల్లె సృజన అనే స్వచ్ఛంద సంస్థ, గుజరాత్ కేంద్రంగా ఉన్న జాతీయ నవప్రవర్తన సంస్థ అండగా నిలుస్తున్నాయి.

చేరే ముందు అక్కడ రెండేళ్ల క్రితం చేరి బయటికి వచ్చినవారిని ముగ్గురిని కలవండి. ఏ పరికరం వాడుకోనిచ్చారు, ఎవరితో మాట్లాడించారు, మీ సంస్థలో వాటా ఎంత అడిగారు అన్నవి కనుక్కోండి. వేదికల మీద ఆలోచన వివరించడంలో ఆరితేరి, నెలకు పది వేల అమ్మకం కూడా లేని వారు ఇక్కడా అక్కడా తిరుగుతూ కనిపిస్తారు. పోటీల్లో గెలిచిన బహుమతి సొమ్మును ఆదాయంగా భావించడం మొదలైతే వ్యాపారం వెనకపడిపోయినట్లే.

ఉద్యమ్ నమోదు, స్టార్టప్ గుర్తింపు ఒకటేనా?

కావు. ఉద్యమ్ అనేది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు 2020 జూలై నుంచి ఉన్న ఉచిత నమోదు, సొంత పేరుతో నడిపే చిన్న యూనిట్‌కు కూడా దొరుకుతుంది. దీనికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు అధికారికమైనవి కావు. స్టార్టప్ ఇండియా కింద కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) ఇచ్చే గుర్తింపుకు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్యం) వంటి రూపం ఉండాలి, ఒక్కరి పేరు మీద నడిచే ప్రొప్రయిటరీ సంస్థకు రాదు. మీరు చేసేదాంట్లో ఏమి కొత్తదో వివరించాలి, ఉన్న వ్యాపారాన్ని విడగొట్టి కొత్తగా చూపించకూడదు. గుర్తింపు రాగానే ఆదాయపు పన్ను మినహాయింపు కూడా వచ్చేసిందని చాలామంది పొరబడతారు. దానికి వేరే బోర్డు ధ్రువీకరణ కావాలి.

కొత్త వస్తువుకు ధర ఎలా నిర్ణయించాలి?

తయారీ ఖర్చు మీద పది శాతం వేసుకోవడం కొత్తవారి అలవాటు. అందులో దుకాణదారు కమీషను, వాపసు వచ్చే సరుకు, మీ సొంత జీతం ఉండవు. కొనేవారు ఇప్పుడు ఆ ఇబ్బందిని ఎలా తీర్చుకుంటున్నారో, అందుకు ఎంత డబ్బు, ఎన్ని గంటలు పోతున్నాయో లెక్కకట్టండి. మీ ధరకు అదే పైహద్దు. మీ మొత్తం ఖర్చు కింది హద్దు. ఈ రెంటి మధ్య చోటు లేకపోతే ఆవిష్కరణలో ఇంకా పని మిగిలి ఉన్నట్లు. పరిచయ ధర అంటూ నష్టానికి అమ్మితే, తరువాత ధర పెంచినప్పుడు మీ మొదటి అభిమానులే ముందుగా అలుగుతారు.

ఒక పెద్ద సంస్థ ఒకేసారి భారీ ఆర్డరు ఇస్తానంటోంది. ఒప్పుకోవాలా?

సరుకు ఇవ్వగలరా అన్న ప్రశ్న కంటే ముందు, డబ్బు వచ్చేదాకా ఆగగలరా అని చూసుకోండి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం (ఎంఎస్‌ఎంఈడీ) ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. అది దాటితే చక్రవడ్డీ కట్టాలి. అందుకోసం ఉద్యమ్ నమోదు ముందుగానే ఉండాలి. చట్టం ఉంది గానీ, ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డరు రాదన్న భయంతో చిన్నవారు నోరు మెదపరు. మాకొక పెద్ద దుకాణాల సంస్థ నాలుగున్నర నెలలకు డబ్బిచ్చింది. ఆ నాలుగున్నర నెలలూ నేను సజ్జలు కొన్నది ఇంట్లో బంగారం తాకట్టు పెట్టిన డబ్బుతో. మొత్తం అమ్మకంలో మూడో వంతుకు మించి ఒకే చోటికి పోకుండా చూసుకోవడం అప్పటి నుంచి మా పద్ధతి.

ఎప్పుడు మానుకోవాలి?

మొదలుపెట్టిన రోజే ఒక తేదీని, ఒక మొత్తాన్ని కాగితం మీద రాసి ఇంట్లో మరొకరి చేతికివ్వండి. ఆ తేదీకి మళ్లీ మళ్లీ కొనేవారు మీరు అనుకున్నంతమంది లేకపోతే, లేదా ఆ మొత్తం అయిపోతే, ఆగి ఆలోచించాలి. మానడం అంటే అన్నీ మూసేయడమే కానవసరం లేదు. మేము ఐదు రకాల మిశ్రమాలతో మొదలుపెట్టి, మూడింటిని తీసేశాం. వాటిలో ఒకటి నాకు చాలా ఇష్టమైనది, నెలకు తొమ్మిది ప్యాకెట్లు మాత్రమే పోయేది. కొనే యంత్రం మళ్లీ అమ్ముడుపోతుందో లేదో కూడా ముందే చూసుకోండి. మీ అవసరానికి మాత్రమే ప్రత్యేకంగా చేయించినది పాత ఇనుము ధరకు పోతుంది, పదిమందీ వాడేది సగం ధరకైనా పోతుంది. మేము మొదట గింజలు వేయించడానికి కొన్న డ్రమ్ము, తేమ పద్ధతి కుదిరాక పనికిరాకుండా పోతే, బస్టాండు దగ్గర వేరుశనగలు వేయించి అమ్మే ఆయన కొనుక్కున్నాడు. ఇప్పటికీ అది అక్కడే తిరుగుతోంది.